అద్దె కట్టే ప్రతిసారీ మళ్ళీ కొంటున్నట్టే

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారికి మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం ఉంది. నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నెలకు 38,000 రూపాయల జీతానికి ఇంటి నుంచే పని చేస్తున్నాను. రెండున్నరేళ్ళుగా డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ల చిరునామాలు, కొని అమ్ముతూ ఇప్పటికి 160 పేర్లు కూడబెట్టాను. మూడు పేర్లు అమ్మితే 1,20,000 రూపాయలు వచ్చాయి. వాటి ఖర్చు పోను లక్షకు పైగా లాభం మిగిలింది. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే చేయాలని ఉంది. రెన్యూవళ్ళకు, అంటే ఆ పేర్లు నా దగ్గరే ఉండటానికి ఏటా కట్టే రుసుముకు, ఏడాదికి దాదాపు 1,80,000 రూపాయలు అవుతున్నాయి, అదొక్కటే ఇబ్బంది. నాన్నగారు దీన్ని కంటికి కనిపించని సరుకుతో ఆడే జూదం అంటున్నారు. సంబంధాలు చూసేవాళ్ళకు ఏం చెప్పాలో అమ్మకు తెలియడం లేదు. మా ఊళ్ళో పేరున్న ఒక పచ్చళ్ళ దుకాణం పేరు మీద డాట్ ఇన్ డొమైన్ నా దగ్గర ఉంది. ఎంతకిస్తారని ఆ దుకాణం యజమాని కొడుకు అడిగాడు. రెండు లక్షలు చెబుదామనుకుంటున్నాను. అందరూ ఏదైనా ఏఐ చాట్‌బాట్‌నే అడిగే రోజుల్లో ఈ పేర్లకు విలువ నిలుస్తుందా అన్నది నా మరో సందేహం.
— ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: రెన్యూవళ్ళ సంగతిని మీరు "అదొక్కటే ఇబ్బంది" అని ఒక్క మాటలో దాటేశారు. పదహారేళ్ళుగా విజయవాడలో ఇదే వ్యాపారం చేసుకుని బతుకుతున్న నేను మీ ఉత్తరం మొత్తంలో ఆగి రెండోసారి చదివిన మాట అదే. తక్కిన ప్రశ్నలన్నీ దాని చుట్టూ తిరుగుతున్నవే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మూడు పేర్లు అమ్మి లక్షకు పైగా లాభం చూశానని రాశారు. మీ నాన్నగారు నూట అరవై టిక్కీల (బస్తాల) మిరపకాయలు ఏసీలో, అంటే శీతల గిడ్డంగిలో పెట్టి, అందులో మూడు టిక్కీలు అమ్మి, ఆ మూడింటి కొనుబడి మాత్రమే తీసేసి మిగిలిందంతా లాభమని ఇంటికొచ్చి చెబితే మీరు ఊరుకుంటారా? మిగిలిన 157 టిక్కీల కొనుబడి ఏమైంది, వాటి ఏసీ అద్దె ఎవరు కట్టారు అని అడగరా? మీ విషయంలో ఆ అద్దె కడుతున్నది మీ జీతం. ఏడాదికి 1,80,000 రూపాయలంటే మీకు దాదాపు ఐదు నెలల జీతం. కొత్త సంవత్సరం మొదలైన నాటి నుంచి మే నెల దాకా మీరు ఆ సంస్థలో చేస్తున్న చాకిరీ అంతా పేర్ల అద్దెకే పోతున్నదన్నమాట. అలాంటి ఉద్యోగం మానేస్తానంటున్నారంటే ఈ వ్యాపారానికి ఉన్న ఒకే ఒక్క పెట్టుబడిదారుణ్ణి మీరే వెళ్ళగొడుతున్నారు.

"కొన్నాను" అన్న మాటే మనల్ని మోసం చేస్తుంది. డొమైన్ పేరును ఎవరూ కొనలేరు. కొంతకాలానికి తమ పేర నమోదు చేయించుకుంటారు, అదీ ఒక విడతకు గరిష్ఠంగా పదేళ్ళకు. మొదటి డాట్ కామ్ పేరు 1985 మార్చి 15న నమోదైంది. ఆ తర్వాత పదేళ్ళ దాకా పేరు కావాలని అడిగినవారికి ఉచితంగానే ఇచ్చారు. 1995లో రెండేళ్ళకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలైంది. దాచిపెట్టుకోవడానికి ఖర్చవుతుందన్న సంగతి ఈ సరుకుకు అప్పుడే అంటుకుంది. పోటీ వచ్చాక ధర తగ్గింది, మళ్ళీ పెరగడం కూడా మన కళ్ళముందే జరిగింది. డాట్ కామ్ పేరుకు రిజిస్ట్రార్లు, అంటే మనకు పేర్లు నమోదు చేసిపెట్టే సంస్థలు, డాట్ కామ్ పేర్లన్నిటినీ నడిపే పైసంస్థకు కట్టే టోకు ధర 2021 వరకు 7.85 డాలర్లు ఉండేది, ఏటేటా పెరుగుతూ 2024 సెప్టెంబరుకు 10.26 డాలర్లయింది. దాని మీద రిజిస్ట్రారు లాభం, మన పన్ను, డాలరుతో రూపాయి మారకం చేరతాయి. గిడ్డంగి యజమాని అద్దె పెంచితే మీ నాన్నగారు సరుకును పక్క గిడ్డంగికి మార్చగలరేమో కానీ, డాట్ కామ్‌కు గిడ్డంగి ఒక్కటే. రిజిస్ట్రారును మార్చి పదో పరకో మిగుల్చుకోగలం, అంతే.

అందువల్ల రెన్యూవల్ రోజును నేను ఖర్చు రోజుగా చూడను, కొనుగోలు రోజుగా చూస్తాను. ఆ ఉదయం ఆ పేరు నా దగ్గర లేదనుకుని, ఎవరో 1,200 రూపాయలకు తెచ్చి చేతికిస్తున్నారనుకుని, ఈరోజు దీన్ని కొంటానా అని నన్ను నేను అడుగుతాను. కొనను అనిపిస్తే ఆ పేరును వదిలేస్తాను. ఈ మాట రాయడం తేలికే కానీ, అలవాటు చేసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది, దాదాపు రెండు లక్షల రూపాయలూ పోయాయి.

ఆ కథ చెప్పక తప్పదు. 2015లో కొత్త రాజధానికి అమరావతి అన్న పేరు ఖాయమై, ఆ అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన రోజుల్లో బెంజి సర్కిల్ దగ్గర టీ తాగేవాళ్ళు కూడా గజం ధరలే మాట్లాడుకునేవారు. భూమి కొనే స్తోమత నాకు లేదు. రాజధాని పేరుకు ప్లాట్లు, విల్లాలు, హోటళ్ళు, ఆస్పత్రులు వంటి మాటలు తగిలించి 43 డొమైన్ పేర్లు నమోదు చేయించాను. మొదటి ఏడాదిలోనే రెండు పేర్లు అమ్ముడుపోయి 65,000 రూపాయలు వచ్చాయి. ఆలోచిస్తే నాకు జరిగిన చెడు అదే, ఎందుకంటే నేను తెలివైనవాణ్ణన్న నమ్మకం ఆ రెండు అమ్మకాలతో కుదిరిపోయింది. మిగిలిన 41 పేర్లకు ఏటా డబ్బు కట్టుకుంటూ పోయాను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన రాగానే ఫోన్లు ఆగిపోయాయి, అయినా నేను కట్టడం ఆపలేదు. ఇంతకాలం కట్టాం, ఇంకో ఏడాది చూద్దాం అనుకున్నాను. పోయిన డబ్బు మీద మమకారం కొద్దీ కొత్త డబ్బు పోయడం అది. 2021లో మా ఆవిడ నా బ్యాంకు ఖాతా కాగితాలు ముందు పెట్టుకుని ఒక్కొక్క వరుసే చూపిస్తూ ఇదేమిటి, ఇదేమిటి అని అడిగితే, నలభై ఒక్కసార్లు జవాబు చెప్పలేక అన్నిటినీ వదిలేశాను.

2024లో ప్రభుత్వం మారి రాజధాని పనుల మాట మళ్ళీ మొదలయ్యాక, నేను వదిలేసిన పేర్లలో మూడింటిని ఎవరో నమోదు చేయించుకున్నట్టు గమనించాను. అయ్యో అనిపించలేదా అని స్నేహితులు అడిగారు. అనిపించింది కానీ వాళ్ళనుకున్న కారణానికి కాదు. నేను ఆరేళ్ళపాటు అద్దె కట్టి కాపాడిన పేరు ఆ కొత్తవాడికి 1,000 రూపాయలకు దొరికింది. నేను కట్టకపోయినా అది అక్కడే ఉండేది, కావాలనుకున్న రోజున నేనే వెళ్ళి తెచ్చుకోగలిగేవాణ్ణి. ఎవరూ ఎత్తుకుపోని సరుకుకు కాపలా కాశానని అప్పుడు అర్థమైంది.

ఇక మీ లెక్క చూద్దాం. వంద పేర్లున్నవారికి ఏడాదికి ఒకటో రెండో అమ్ముడుపోతాయని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళం చెప్పుకుంటూ ఉంటాం. మీరు రెండున్నరేళ్ళలో మూడు అమ్మారు కాబట్టి మీ నడక దాని కన్నా నెమ్మదిగానే ఉంది, కొత్తవారికి అది సహజమే. మీ సగటు అమ్మకం ధర 40,000 రూపాయలు. 160 పేర్లూ ఉంచుకుని ఏడాదికి రెండు అమ్మినా వచ్చేది 80,000 రూపాయలు, కట్టేది 1,80,000 రూపాయలు. అదే 40 పేర్లకు కుదించుకుంటే ఏడాది అద్దె 45,000 రూపాయల దగ్గర ఆగుతుంది. మంచి పేర్లనే ఉంచుకున్నారనుకుంటే ఒక్క అమ్మకం దాదాపు దాన్ని తీర్చేస్తుంది. పేర్లు తగ్గిస్తే అవకాశాలు తగ్గుతాయి కదా అని మీకు అనిపిస్తుంది. తాలు కాయలు ఏరేస్తే బస్తా తేలికవుతుందే తప్ప ధర తగ్గదని మీ ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉండి ఉంటారు.

తాలు ఏదో గుర్తుపట్టడమే ఇందులో అసలైన పని. నేను వాడే పరీక్షలు రెండే. మొదటిది చెవి పరీక్ష. పేరును ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివారు తప్పు లేకుండా ఇంగ్లిషు అక్షరాల్లో రాయగలగాలి. తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో రాసేటప్పుడు ఈ పరీక్షలో చాలా పేర్లు తప్పిపోతాయి. లక్ష్మి అన్న పేరును ఒకరు కే, ఎస్, హెచ్ వేసి రాస్తారు, మరొకరు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు. వంటిల్లులో ఎల్ ఒకటా రెండా, దీర్ఘానికి ఏ అక్షరం రెండుసార్లు వేయాలా, తకారానికి టీ పక్కన హెచ్ ఉండాలా అన్నది ఏ ఇద్దరూ ఒకేలా తేల్చరు. విజయవాడ అన్న పేరులో మొదటి వకారానికి ఒక అక్షరం, చివరి వకారానికి వేరే అక్షరం వాడటం మనకు అలవాటైపోయింది కాబట్టి సరిపోయింది కానీ, కొత్తగా వినేవాడికి అది చిక్కుముడే. గోంగూర వంటి మాట దాదాపు అందరూ ఒకేలా రాస్తారు, కాబట్టి అలాంటిది ఉంచుకోండి. మూడు రకాలుగా రాయదగిన మాట మీ దగ్గర ఒక్క రకంలోనే ఉందంటే, కొనేవాడు మిగతా రెండు రకాల్లో ఒకటి 1,000 రూపాయలకు నమోదు చేయించుకుని వెళ్ళిపోతాడు. తెలుగు లిపిలోనే రాసే డాట్ భారత్ పేర్ల మీద నాకు మమకారం ఉంది. అయితే తెర వెనుక యంత్రాలు వాటిని ఇంగ్లిషు అక్షరాల సంకేతంగా మార్చుకునే పని చేస్తాయి, ఈమెయిలు చిరునామాగా వాడాలంటే ఇప్పటికీ అన్నిచోట్లా సాఫీగా సాగదు. నేను నాలుగు తీసుకున్నాను, ఒక్కటీ అమ్మలేదు. ఇంటి పేరును తెలుగులో చూసుకోవాలన్న సరదాకు ఒకటి మాత్రం ఉంచుకున్నాను.

రెండో పరీక్ష, ఈ పేరు కొనగలిగినవాళ్ళు ఎందరు అన్నది. కనీసం పదిమంది వేరువేరు వ్యాపారులకు పనికొచ్చే పేరు సరుకవుతుంది. ఒక్కరికే పనికొచ్చే పేరు సరుకు కాదు, అది ఆ ఒక్కరి పేరే. మీ పచ్చళ్ళ దుకాణం సంగతికి ఇక్కడి నుంచే దారి ఉంది కానీ, దాన్ని చివరికి ఉంచుతాను.

ఈ రెండు పరీక్షలూ మీ నాన్నగారి పక్కన కూర్చుని చేయండి. కాగితం మీద ఒక్కొక్క పేరు, కొన్న తేదీ, ఇప్పటిదాకా కట్టిన మొత్తం, ఎవరైనా అడిగారా, ఎవరు కొనవచ్చు అన్నవి రాసి ఆయన ముందు పెట్టండి. ఆయనకు డొమైన్ అంటే ఏమిటో తెలియనక్కరలేదు. ధర లేనప్పుడు సరుకు ఎందుకు ఆపాలి, ఆపిన సరుకు ఎప్పుడు నష్టానికైనా వదిలించుకోవాలి అన్నది జీవితమంతా చేసినవారికి మీ కాగితం చదవడానికి పావుగంట చాలు. కనిపించని సరుకు అన్న ఆయన మాటను పట్టించుకోకండి, ఆయన కోపం సరుకు మీద అయి ఉండదు. లెక్క కనిపించకపోవడమే ఆయన్ని బాధిస్తుండవచ్చు.

వదిలేసే పేర్ల విషయంలో చిన్న జాగ్రత్త చెబుతాను. గడువు దాటగానే పేరు మాయమైపోదు. డాట్ కామ్ అయితే రిజిస్ట్రారును బట్టి కొన్ని వారాలు మామూలు ధరకే తిరిగి కట్టుకోవచ్చు. ఆ తర్వాత 30 రోజుల పాటు అదనపు జరిమానాతో విడిపించుకునే వీలుంటుంది, ఆపైన ఐదు రోజులకు అందరికీ అందుబాటులోకి వస్తుంది. కాబట్టి తప్పు చేశానేమో అన్న భయంతో చివరి రోజున అన్నిటికీ కట్టేయవలసిన పని లేదు. గడువుకు రెండు నెలల ముందే నిర్ణయించుకుని, వదిలేయదలచిన పేరుకు ఆటో రెన్యూవల్ తీసేయండి. అలాగే, మీ పేరును వేల డాలర్లకు కొంటానని, అయితే ముందుగా ఫలానా చోట విలువ నిర్ధారణ పత్రం తీసుకోమని ఎవరైనా రాస్తే వెంటనే ఆ ఉత్తరం చెరిపేయండి. ఆ పత్రానికి మీరు కట్టే డబ్బే వాడికి కావలసింది. నేను మొదటి ఏడాది 90 డాలర్లు కట్టాను, ఆ కొనుగోలుదారు మళ్ళీ కనిపించలేదు.

ఏఐ గురించి అడిగారు. ఈ వ్యాపారంలో ఒక భాగం నిజంగానే పోయింది. మునుపు జనం తమకు తోచిన మాటకు డాట్ కామ్ తగిలించి నేరుగా టైపు చేసేవారు. ఖాళీ పేజీ మీద ప్రకటనలు పెట్టుకుంటే చాలు, అద్దె గిట్టేది. సెర్చ్ ఇంజన్లు, ఫోన్లలో యాప్‌లు వచ్చాక ఆ ఆదాయం చిక్కిపోయింది, చాట్‌బాట్‌లు మిగిలినదాన్ని కూడా తినేస్తాయి. మిగిలిందల్లా బోర్డు విలువ. బీసెంటు రోడ్డులో దుకాణం వెతుక్కోవడానికి ఇప్పుడు అందరూ ఫోనులో మ్యాపు చూస్తున్నారు, అయినా అక్కడ బోర్డు లేని దుకాణం ఒక్కటీ లేదు. వచ్చినవాడికి సరైన చోటికే వచ్చాననిపించాలి, ఈమెయిలు చిరునామా చూడగానే నమ్మకం కలగాలి. చాట్‌బాట్‌ను ప్రపంచానికి అలవాటు చేసిన ఓపెన్ఏఐ సంస్థే 2024లో చాట్ డాట్ కామ్ అన్న పేరును చేజిక్కించుకుంది. పేర్లతో ఇక పనిలేదని వాళ్ళు అనుకుంటున్నట్టు నాకు తోచడం లేదు. కానీ మీకూ నాకూ దెబ్బ తగిలేది వేరే చోట. రెండు మాటలు కలిపి అల్లిన ఓ మోస్తరు పేర్లను కొత్తగా దుకాణం పెట్టేవాడు మన దగ్గర 30,000 పెట్టి కొనేవాడు. ఇప్పుడు చాట్‌బాట్‌ను అడిగితే, అలాంటివి యాభై అల్లి ముందు పెడుతుంది, వాటిలో ఎవరూ నమోదు చేయించనివి ఎన్నో దొరుకుతాయి. అల్లిన పేర్లకు గిరాకీ తగ్గి, సూటిగా ఉండే ఒంటి మాటలకు నిలుస్తుందని నా అంచనా. డాట్ ఏఐ పేర్లు కొనమని మీ స్నేహితులు ఇప్పటికే చెప్పి ఉంటారు. అది ఆంగ్విల్లా అనే చిన్న కరీబియన్ ద్వీపానికి కేటాయించిన అక్షరాల జంట. అద్దె ఎక్కువ, రెండేళ్ళకు తక్కువ ఇవ్వరు. ఆ వ్యాపారంలో అందరికన్నా నిశ్చింతగా ఉన్నది ఆ ద్వీపమే.

ఉద్యోగం మానవద్దు. వరుసగా రెండేళ్ళపాటు జీతం నుంచి ఒక్క రూపాయి తీయకుండా, అమ్మకాల డబ్బుతోనే రెన్యూవళ్ళు కట్టగలిగిన రోజున మళ్ళీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం. పూర్తి కాలం అంటే రోజంతా పని ఉంటుందనుకోకండి. ఇందులో ఎక్కువ భాగం ఎదురుచూడటమే. ఖాళీగా ఎదురుచూసేవాడు చేసే పని ఇంకో పేరు కొనడం, నా నలభై మూడు అలా చేరినవే. ఇంకొకటి, ఈ దుకాణానికి షట్టరు లేదు. అమెరికాలో పగలు మనకు రాత్రి కాబట్టి, ఒంటిగంటకు ఫోను మోగితే లేచి చూసే అలవాటు నాకు చాలా ఏళ్ళుండేది. ఎనిమిది నెలలు ఆలోచించి ధర అడిగినవాడు తెల్లవారేలోగా ఎక్కడికీ పోడని తెలుసుకున్నాక, రాత్రి పదికి ఫోను వంటింట్లో పెట్టి పడుకుంటున్నాను. ఉదయం బందరు కాలువ గట్టు మీద నడిచి వచ్చాకే ఉత్తరాలు తెరుస్తాను. దానివల్ల పోయిన బేరం ఇప్పటిదాకా ఒక్కటీ లేదు.

సంబంధాలవాళ్ళకు మీ అమ్మగారు మీ ఉద్యోగం, జీతం చెబితే చాలు. అమ్మాయితో మాత్రం ఈ వ్యాపారం సంగతి, అప్పులేమైనా ఉంటే అవి కూడా మీరే చెప్పండి. నేను గవర్నర్‌పేటలో గది తీసుకున్నప్పుడు ఇంటాయనకు పేర్ల వ్యాపారమని చెప్పాను. వారం తిరగకుండానే ఆయన తన మనవణ్ణి ఎత్తుకుని వచ్చి, నక్షత్రానికి ఏ అక్షరం కలిసి వస్తుందో చూడమన్నారు. నాకు వచ్చినంతలో చెవి పరీక్షకు నిలిచే పేరు ఒకటి సూచించాను, వాళ్ళు అదే పెట్టారు.

ఇక పచ్చళ్ళ దుకాణం. ఆ అబ్బాయికి మీరింకా జవాబు ఇవ్వలేదు, అందుకు సంతోషం. రెండు లక్షలు అని మీరు రాసే ఆ ఒక్క మెసేజే రేపు మీ మీద సాక్ష్యమవుతుంది. డొమైన్ పేరు వట్టి చిరునామా కాదని, వ్యాపార గుర్తింపు కూడా కాబట్టి దానికి ట్రేడ్‌మార్కుకు ఉన్నటువంటి రక్షణ ఉంటుందని మన సుప్రీంకోర్టు 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. ఆ దుకాణం వారు పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించుకోలేదులే అనుకోకండి, ఏళ్ళ తరబడి ఆ పేరుతో సంపాదించుకున్న మంచి పేరు ఉన్నా వారు కోర్టుకు వెళ్ళవచ్చు. డాట్ ఇన్ పేర్లకు ప్రత్యేకంగా వివాద పరిష్కార విధానం ఉంది. అందులో ఫిర్యాదు చేసినవారు మూడు విషయాలు చూపాలి. డొమైన్ తమ పేరును పోలి ఉందని, మీకు దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో నమోదు చేశారని లేదా వాడుతున్నారని వారు నిరూపించాలి. అంతర్జాతీయ విధానంలో దురుద్దేశంతో నమోదూ వాడకమూ రెండూ జరిగాయని చూపాలి. మన దగ్గర రెండింటిలో ఒకటి చాలు. పేరు హక్కుదారుకే అసలు ఖర్చును మించిన ధరకు అమ్మజూపడం దురుద్దేశానికి గుర్తుగా ఆ విధానంలోనే రాసి ఉంది.

చట్టం లేకపోయినా నా సలహా మారదు. ఆ పేరుకు విలువ తెచ్చింది వాళ్ళ పచ్చళ్ళే కానీ మీరు కాదు. గుంటూరు ఎంత పెద్దదైనా వ్యాపారుల మధ్య చిన్న ఊరే. రెండు లక్షల మాట యార్డులో మీ నాన్నగారి చెవిన పడటానికి పూట పట్టదు. ఆ అబ్బాయికి ఈరోజే ఫోను చేసి, మీరు కట్టిన రసీదులు చూపి, అంత మాత్రమే తీసుకుని పేరు అప్పగించండి. అతనికీ మీ రిజిస్ట్రారు దగ్గరే ఖాతా ఉంటే ఐదు నిమిషాల పని, లేకపోతే బదిలీ కోడు ఇస్తే సరిపోతుంది. పేరు చేతులు మారాక మీ ఖాతాలో దానికి ఆటో రెన్యూవల్ మిగిలి లేదని చూసుకోండి. రసీదుల డబ్బుతో పాటు ఆ దుకాణం వారు ఒక సీసా ఆవకాయ ఇస్తే తీసుకోండి, దాన్ని నాన్నగారికి చూపించే కాగితంలో రాయనక్కరలేదు.